ఓడ మీద ట్రేసింగ్ కాగితం

ఆ రోజుల్లో మా లాల్‌పేట్ కాలనీకి కేబుల్ టీవీ కొత్త. అంతకుముందున్న ఒక్క చానెల్‌లో బొమ్మ ఆగిపోయి 'రుకావట్ కే లియే ఖేద్ హై' (అంతరాయానికి చింతిస్తున్నాం) అన్న బోర్డు వస్తే దాన్ని కూడా కళ్ళార్పకుండా చూసిన జనం మేము. అలాంటిది ఒక్కసారిగా బోలెడు చానెళ్ళు మీద పడేసరికి ఏది చూడాలో తెలియక అన్నీ చూశాం. నేను మాత్రం ఒక ఇంగ్లీషు సీరియల్‌కు చిక్కాను. చుక్కల మధ్య తిరిగే పెద్ద ఓడ, అందులో బిగుతు చొక్కాల మనుషులు, గోడ పక్కకు జరిగి తలుపు తెరుచుకోవడం. వాళ్ళ మాటలు నాకు పావు వంతు అర్థమైతే గొప్ప (చంద్రపూర్‌లో మరాఠీ బళ్ళో నేర్చిన ఇంగ్లీషు అంతవరకే పనికొచ్చింది). కథ అందక, చూపంతా ఓడ మీదే పెట్టాను. పైగా అప్పుడు నేను బొగ్గుగని డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలు, అంటే గని పటాలు, ట్రేస్ చేసే పిల్లను. పగలంతా గీతలు కొలిచే కళ్ళు సాయంత్రం టీవీ ముందు మాత్రం ఊరుకుంటాయా?

ఆఫీసులో మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ను అందరం కాకా అనేవాళ్ళం. రాజురా వైపు మనిషి, చెవి మీద పెన్సిలు, నోట్లో సోంపు. పాతికేళ్ళుగా గని నక్షాలు గీసిన చెయ్యి ఆయనది. నాకు ఆరు నెలల ట్రయల్ ముగియబోతోంది. ఉంచుకోవాలా ఇంటికి పంపాలా అన్నది కాకా రాసే రిపోర్టు మీద ఉంది. సరిగ్గా అప్పుడే నా కొంప మునిగింది. గనిలో పక్కపక్క భాగాలు చూపే రెండు పాత షీట్లను ట్రేస్ చేసి కలిపితే, ఒకదానిలోని సొరంగం గీత రెండోదాని గీతతో కలవలేదు. తేడా గోటి మందం. కాగితం మీద గోరంటే భూమి లోపల ఎన్నో అడుగులు. "కాగితం కదిలించినవ్ బిడ్డా. అసలు నక్షా తప్పు పోదు, ట్రేస్ చేసినోళ్ళే తప్పు పోతరు" అన్నాడు కాకా. నేను కదిలించలేదు. ఎంత చెప్పినా ఆయన వినలేదు.

ఆ మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటుంటే కడుపుమంట ఆపుకోలేక, "అసలు కూడా తప్పు పోతది కాకా. ఆ టీవీల ఓడ లేదా? బయటి నుంచి ఒక తీరు, లోపటి నుంచి ఒక తీరు" అన్నాను. ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కాకా కూడా ఆ సీరియల్ భక్తుడని నాకేం తెలుసు? చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "గంత పైస వెట్టి తీసినోళ్ళకు కొలత తెల్వదా? ఒక్క ఓడకు ఒక్కటే సైజు ఉంటది" అన్నాడు. వారం రోజులు అదే గొడవ. నేను కిటికీల వరసలు లెక్కపెట్టి చెబితే ఆయన లిఫ్టు ఎన్ని అంతస్తులు ఎక్కిందో చెప్పేవాడు. చివరికి విసుగెత్తి, "సరే, ఓడ రెండు తీర్లుందని సూపియ్యి. అప్పుడు నీ షీట్లు మల్ల తీసి సూస్త. లేకుంటే రిపోర్టు రాసి పారేస్త" అన్నాడు. అలా నా ఉద్యోగం ఆకాశంలో ఎగిరే ఓడకు వేలాడింది.

నేను ఉండేది మా చిన్నమ్మ ఇంట్లో. ఆమె దగ్గర వీసీఆర్ ఉండటం నా అదృష్టం. ఒక భాగం మొత్తం క్యాసెట్ మీదికి ఎక్కించాను (అంతకుముందు ఆ క్యాసెట్‌లో ఎవరి పెళ్ళి ఉండేదో దయచేసి అడగకండి). ఆదివారం మధ్యాహ్నం కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని, సొంత డివైడర్, స్కేలు జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. రిమోట్ చిన్నమ్మ చేతిలో. ఓడ వెనక తలుపులోంచి చిన్న బండి లాంటి ఓడ బయటికి వస్తుండగా బొమ్మ ఆపించి, ట్రేసింగ్ కాగితం తెర మీద పెట్టాను. పట్టుకోవాల్సిన పనే లేకపోయింది. తెరలో కరెంటు లాగి కాగితం దానంతటదే అతుక్కుంది. నా చేతి వెంట్రుకలు కూడా లేచి నిలబడ్డాయి. పెద్ద ఓడ, తలుపు, కిటికీ వరసలు, చిన్న బండి అన్నీ గీశాను. తర్వాత అదే బండి లోపల గదిలో నిలబడి ఉన్న చోట, పక్కన మనిషితో సహా గీశాను. "గంత పెద్ద ఓడల వంటిల్లు యాడుందే?" అని చిన్నమ్మ అడిగింది.

కాకా నా గీతల్ని నమ్మలేదు. తనే మళ్ళీ డివైడర్ పెట్టి కొలిచాడు. లోపల బండి ఇద్దరు మనుషులంత ఎత్తు. బయట అదే బండి ఒక కిటికీ వరసకూ పై వరసకూ మధ్య ఉన్న ఎత్తులో, అంటే ఒక అంతస్తులో, సగం కూడా లేదు. అంటే ఆ లెక్కన బిగుతు చొక్కాల వాళ్ళందరూ బండిలో పాక్కుంటూ తిరగాలి. "బండి దూరం ఉన్నదేమో" అన్నాడు. "తలుపుకు ఆనుకునే ఉన్నది గద కాకా" అన్నాను. "కిటికీలే పెద్దగ పెట్టుకున్నరేమో" అన్నాడు. కిటికీ దగ్గర మనిషి నిలబడ్డ మూడో కాగితం తీసి ముందు పెట్టాను. కిటికీ ఆ మనిషి ఛాతీ నుంచి తల దాకే ఉంది. లోపలి బండిని పట్టి కొలిస్తే వచ్చే ఓడ, కిటికీల్ని పట్టి కొలిస్తే వచ్చే ఓడకు రెండింతల పైనే. కాకా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాయ్ మొత్తం తాగాడు. ఆఖరికి, "బయట గీసినోడు వేరు, లోపల గీసినోడు వేరు. ఇద్దరు అంచులు కలిపి సూసుకోలే" అన్నాడు. నా లోపల బాజాలు మోగాయి.

సోమవారం పొద్దున్నే ఆ రెండు పాత షీట్లు బల్ల మీద పరిచాడు. ఒకటి కాకా కుర్రతనంలో గీసింది, రెండోది ఆయనకు ముందు పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్‌ది (ఆయన చేతిపనిని కాకా తిట్టని రోజు లేదు). ప్రతి షీటు కింద కొలత కోసం గీసిన గీత ఒకటి ఉంటుంది. దాని మీద స్కేలు ఆనించాడు. ముందాయన గీత సరిగ్గా ఉంది. కాకాది పొట్టిగా ఉంది. ఎన్ని వానాకాలాలు చూసిందో, గుడ్డ మీద గీసిన షీటు ముడుచుకుపోయింది. "గుంజుకున్నది" అన్నాడు, సొంత బిడ్డకు జ్వరమొచ్చినంత దిగులుగా. తర్వాత నా ట్రేసింగ్ తీసి అసలు మీద పరిచాడు. గీత మీద గీత. వెంట్రుకంత తేడా లేదు. "నీది బరాబరే ఉన్నది బిడ్డా. నేనే కొలువలే" అన్నాడు. ఆఫీసు అంతా వింటుండగానే అన్నాడు. అంత పెద్దమనిషి ఆ మాట అంత సులువుగా అనడం చూసి గెలిచిన నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రిపోర్టులో కాకా రాసింది రెండే ముక్కలు. ఆఫీసు మేనేజరు సాబ్ నన్ను పిలిచి చదివి వినిపించారు. 'అసలు నక్షాను కూడా కొలిచి చూస్తుంది. ఉంచుకోవాలి.' ఆ సాయంత్రం నేను రోజూ వచ్చే దారిన రాలేదు. బజారు మీదుగా చుట్టూ తిరిగి, మెడ సాచి, నెమ్మదిగా నడిచాను, ఎవరైనా ఆపి ఎందుకంత వెలుగుతున్నావని అడుగుతారేమో అని. ఒక్కరూ అడగలేదు. అయినా కనబడ్డ ప్రతివాళ్ళకూ నేనే ఆపి చెప్పాను, ఓడ సంగతితో మొదలుపెట్టి. ఉల్లిగడ్డలు తూచే ఆమె కూడా తక్కెడ పట్టుకుని పాపం మొత్తం విన్నది. ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అప్పటి ఆ ట్రేసింగ్ పిల్ల ఆ బజారులో మళ్ళీ ఎదురైతే బాగుండు. ఈసారి నేనే ముందు ఆపి అడిగేదాన్ని, "ఏందే, గంత సంబురం?" అని.