అత్తగారి చేతి మీద టేపు

నాలుగు ఆసుపత్రులకు దూది దగ్గర్నుంచి ఆపరేషన్ బల్లల దాకా ఏది కొనాలన్నా ఆయన సంతకం పడాల్సిందే. కొనుగోళ్ళ విభాగానికి పెద్ద. అమ్మకందారు ధర చెప్పగానే, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం చూడలేక సగంమంది అడక్కుండానే తగ్గించేవారు. మిగతావాళ్ళు టీ చల్లారేలోగా దారికొచ్చేవారు.

ఒక్క మంచి గుణం మాత్రం ఒప్పుకోవాలి. స్వయంగా వాడి చూడందే ఏదీ కొనడు. అందుకే ఆ ఇంట్లో అంట్లు తోమేది సర్జన్ల గ్లౌజులతో, పాలు కొలిచేది టానిక్కు గ్లాసులతో. ఇది కాపురమా, గోడౌనా అని భార్య విసుక్కునేది.

ఈసారి టేపు వంతు వచ్చింది. సెలైన్ సూది కదలకుండా చేతికి అంటించే టేపు. కొత్త కంపెనీవాడు సగం ధరకే ఇస్తానన్నాడు. ఆయన ముంజేతికి అంటించుకుని ఆఫీసుకెళ్ళాడు, స్నానం చేశాడు, చివరికి సర్రున పీకాడు. నాలుగు వెంట్రుకలు తప్ప ఏమీ పోలేదు. ఇక ఏడాది ఒప్పందం రాసుకోవడమే తరువాయి.

హెడ్ నర్సు అడ్డుపడింది. ముసలివాళ్ళ వార్డులో ఇది వాడితే చర్మం లేచొస్తుందంది. నేను పరీక్షించానుగా అన్నాడాయన.

"మీ తోలు వేరు సార్. వాళ్ళది ఉల్లిపొర."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. మర్నాడే సంతకాలు. ఈలోగా నర్సు నోరు మూయించాలని టేపు చుట్ట జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు. ఇంట్లో ఎనభై దాటిన అత్తగారుంది. అల్లుడికి తనతో పనిపడటం అదే మొదలేమో, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని సంబరంగా చెయ్యి చాపింది. మా అల్లుడు నాకు ఉద్యోగమిచ్చాడని పక్కింటావిడకు కూడా ఆ చెయ్యి చూపించుకుంది.

పొద్దున్నే ఆయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఈసారి సర్రున లాగలేదు. అంచు పట్టుకుని, ఊదుకుంటూ, మెల్లగా తీశాడు. అయినా టేపుతోపాటు చర్మమూ వచ్చేసింది. గోరంత మేర ఎర్రగా తేలి, రక్తం చెమర్చింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంటినిండా ఆసుపత్రి సామానే ఉన్నా, దూది ఎక్కడుందో గుర్తురాక తన చేతిరుమాలే అద్దాడు.

ఆవిడ మంటను పంటిబిగువున ఓర్చుకుంది. పాలిపోయిన అల్లుడి మొహం చూసి జాలిపడింది.

"పర్లేదు అల్లుడుగారూ," అంది. "టేపు చవగ్గానే వచ్చింది కదా."

అది వెటకారమైనా బాగుండేది. ఆవిడ నిజంగానే ఓదార్చింది. ఆయన ఆ చెయ్యి వదలకుండానే పాత టేపు కంపెనీకి ఫోన్ చేశాడు. సరుకు పంపమన్నాడు. ధర మాట ఎత్తలేదు.