మూత మీద ఊరి పేరు

విమానం తలుపు తీయగానే దక్షిణ సూడాన్ ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహాన ఆవిరి కొట్టింది. నెత్తిన శాంతిసేన నీలం టోపీ. ఒంటి మీద బులెట్‌ప్రూఫ్ జాకెట్టు. చేతిలో రైఫిలు. వీపు మీద రేడియో. దాని బరువు తూకానికి తక్కువే గానీ, నా వీపు లెక్కన తెనాలి స్టేషన్లో ఆగే రైలింజనంత.

క్యాంపు నైలు ఒడ్డున. నేల నల్లరేగడి. వాన పడిందంటే కాకుమాను చేలల్లోలాగే బూటు పట్టుకుని వదలదు. దిగబడిన లారీని లాగడానికి వెళ్లిన లారీని లాగడానికి ఇంకో లారీ వెళ్లేది. దోమలు పెనుమూడి వంతెన మీద తిరిగే ఆటోల సైజు. నా మాటలో సగం కొట్టేసుకోండి. మిగతా సగం చాలు, మలేరియా వస్తుంది.

ఉదయం ఆరింటికి గస్తీ. రెండు బళ్లు. పొద్దుగూకేలోగా గేటు లోపల ఉండాలి. పరాయి దేశంలో జనం ఒకరినొకరు దోచుకోకుండా చూడటం మా డ్యూటీ.

మావైపు నుంచి ముగ్గురం. సుబేదారు గారిది రేపల్లె. రేడియో మోసే నాది తెనాలి. ముందుబండి డ్రైవరు తనది బాపట్ల అనేవాడు. బాపట్లలో ఎక్కడయ్యా అంటే, "పక్కనేనండి" అని గేరు మార్చేవాడు. ఆ రేగడిలో ఒక్కసారీ బండి దిగబడనివ్వలేదు.

బంకరులో కబుర్లంటే దేశాల పోలికలే. నార్వే నుంచి వచ్చిన పోలీసాయన తమ జైళ్ల గురించి చెప్పేవాడు. ఖైదీకి సొంత గది, కిటికీ, టీవీ, వంటిల్లు.

"అద్దె ఎంతండి?" అన్నాను.

ఆయన నవ్వలేదు. శిక్ష అయిపోయాక మనిషి మామూలు మనిషేనన్నాడు. సుబేదారు గారు మాత్రం పడీపడీ నవ్వారు.

ఒకరోజు గస్తీలో ఒక పల్లె దగ్గర ఆగాం. మేకల దొంగతనం మీద పంచాయితీ జరుగుతోంది. ఒక కుర్రాడు పక్కింటి మేకలు తోలుకుపోయాడు. వాళ్ల వంశమంతా కలిసి ఆవుల్ని ఇచ్చుకోవాలని తీర్పు.

"ఆటవిక న్యాయం. వాడు చేస్తే వాళ్ల తాత కట్టడమేంటి?" అన్నారు సుబేదారు గారు.

"మావైపు తాత చేస్తే మనవడు కడతాడు కదండి," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

ఆవుల్ని అప్పగించాక పెద్దమనిషి ఒక సొరబుర్రలో పాలు తెచ్చాడు. రెండు ఇళ్లవాళ్లూ అదే బుర్రతో తాగారు. ఇంతటితో అయిపోయిందట. ఇకమీదట ఎవడైనా ఆ మేకల మాట ఎత్తితే, ఎత్తినవాడే దూడని జరిమానాగా కట్టాలట. దుబాసీ చెబుతుంటే డ్రైవరు ఇంజను ఆపి మరీ విన్నాడు.

ఆ సాయంత్రమే వాడు తెల్ల పెయింటు సంపాదించాడు. ఫౌజీ పెట్టె మూత మీద పేరు, నంబరు, ఊరు రాసుకోవడం మా ఆనవాయితీ. వాడి పెట్టె మీద ఊరి చోటు అన్నేళ్లుగా ఖాళీ. అక్కడ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాడు: స్టూవర్టుపురం.

"ఒక్కసారైనా నా ఊరు నా పెట్టె మీద ఉండాలన్నా," అన్నాడు నాతో.

పంజాబీ జవాను చదివాడు, ఏమీ అనలేదు. మరాఠీ జవాను చదివాడు, ఏమీ అనలేదు. నార్వే ఆయన చదివి, అక్షరాలు బాగున్నాయన్నాడు. ఆఖరికి రేపల్లె చదివింది.

ఆ వారం రెండు రేడియో బ్యాటరీలు కనబడలేదు. పొద్దున్నే గస్తీకి ముందు సుబేదారు గారు డ్రైవరు ముందు చెయ్యి చాపారు.

"బండి తాళం ఇటివ్వు. నీ మీద అనుమానం కాదయ్యా, మనవైపువాడివి. రేపెవడన్నా ఓ మాటంటే నాకే కదా అప్రతిష్ఠ!"

"అలాగేనండి."

వేరేవాడు బండెక్కాడు. గేటు దాటగానే దిగబడ్డాం. రేడియోలో క్యాంపు అడిగింది: "ముందుబండి, ఎక్కడున్నారు?"

"గేటు కనబడుతోంది సార్," అన్నాను. నా ఉద్యోగంలో నేను పెంచకుండా చెప్పిన రిపోర్టు అదొక్కటే.

తాళం ఎందుకు తీసుకున్నారని నార్వే ఆయన నన్నడిగాడు. చెప్పాను. తెల్లదొరలు ఒక చట్టం రాశారు. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలన్నారు. వాళ్లని తెచ్చి స్టూవర్టుపురంలో పెట్టి, పొద్దునా సాయంత్రం హాజరు వేయించారు.

"ఆ చట్టం ఇప్పటికీ ఉందా?"

"లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కొట్టేశారు."

"మరి?"

ఆవగింజని గుమ్మడికాయ చేసే నోరు నాది. రేడియో అందుకుని, "చెక్, చెక్" అన్నాను.

వానలు వెనకబట్టాక బంకరులో నీళ్లు తోడారు. బ్యాటరీలు రెండూ నేల మీద పరిచిన చెక్కల కింద బురదలో ఉన్నాయి. సుబేదారు గారు తాళాన్ని డ్రైవరు మీదికి విసిరారు. "ఇదిగోవయ్యా, బండి తియ్!"

వాడు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"పాలు లేవాండి?"

"పాలేంటి? టీ అయిపోయిందా?" అన్నారు సుబేదారు గారు.

వాడు బండెక్కాడు.

టూరు ముగిసింది. పతకాలిచ్చారు. ఢిల్లీ నుంచి ఒకే రైలు. విజయవాడలో ఎక్కిన ఒక పెద్దాయన, బాపట్లలో మాస్టారట, మాకు పులిహోర పంచాడు. డ్రైవరు భుజం తట్టి, "మీరు కాపలా కాస్తేనే కదా నాయనా మేం నిద్రపోయేది!" అన్నాడు. వాడి మొహం వెలిగింది.

తెనాలి వచ్చింది. రేపల్లె బండి పట్టుకోవాలని సుబేదారు గారు ముందే దిగిపోయారు. నా పెట్టె సీటు కింద లోపలికుంది. దాన్ని లాగడానికి వాడి పెట్టె తీసి సీటు మీద పెట్టాం. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మూత చదివాడు. మాట ఆపలేదు, దేశసేవ గురించే చెబుతున్నాడు. చెయ్యి మాత్రం పక్కనున్న సంచీని ఒళ్లోకి లాక్కుంది.

రైలు కదిలింది. నేను ప్లాట్‌ఫారం మీద నుంచి చూస్తున్నాను. కిటికీలో డ్రైవరు. గుండె మీద కొత్త పతకం. మాస్టారు ఏదో అడిగాడు.

"బాపట్లేనండి," అన్నాడు వాడు. అని, నెత్తిన ఉన్న నీలం టోపీ తీసి పెట్టె మూత మీద, ఆ తెల్ల అక్షరాలు కనబడకుండా పెట్టాడు.