కంది కొత్తకు ముందు తిన్న కాయలు

తొంభైల చివర్లో, ఒక చలికాలం మొదట్లో, విశాఖపట్నంలోని మా పత్రికాఫీసులో జిల్లా పేజీ దిద్దుతూ ఉండగా నాకు రక్తం వాంతి అయింది. కడుపులో పుండు పడిందన్నాడు డాక్టరు. పదిహేనేళ్లుగా నా మధ్యాహ్న భోజనం సాయంత్రం నాలుగింటికి, రాత్రి భోజనం ఎడిషన్ వెళ్లిపోయాక. మధ్యలో లెక్కలేనన్ని టీలు, మిరపకాయ బజ్జీలు. "ఏం తినాలో తర్వాత చెబుతాను. అసలు తినేటప్పుడు తింటున్నట్టు నీకు తెలుస్తోందా?" అని అడిగాడాయన. ముందురోజు ఏం తిన్నానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఎడిటరు నలభై రోజులు సెలవిచ్చారు. ఆ నలభై రోజులకు నా దగ్గర ఇంకో పని కూడా ఉంది. అరకు కొండల మీద ఒక పుస్తకం రాయాలని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. మలేరియా వార్తల కోసం, కొండచరియలు విరిగిపడ్డప్పుడు, ఎన్నికలప్పుడు తిరిగిన ఊళ్లవి నోటుబుక్కులు పద్నాలుగున్నాయి. పుస్తకంగా తయారైంది మాత్రం పదకొండు పేజీలు. ఈ సెలవులో పూర్తి కాకపోతే ఇక ఎప్పటికీ కాదని నాకు తెలుసు. తిరిగి డెస్కులో కూర్చున్నవాడికి సొంత రాత ఉండదు. మా సీనియర్లలో అలాంటివాళ్లను కొందరిని చూశాను.

అనంతగిరి దాటాక రోడ్డు దిగి గంట నడిస్తే ఒక ఊరు. ముప్పై ఇళ్లు ఉంటాయేమో. మలేరియా వార్తకు వెళ్లినప్పుడు అక్కడ ఒక ఇంట్లో అంబలి తాగాను. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. కొడుకూ కోడలూ కాఫీ పళ్ల కోతకు పొద్దున్నే వెళ్లిపోయేవారు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివిన కోడలికి తెలుగు చదవడం వచ్చు. వాళ్ల ఇంటిని ఆనుకుని, పసుపు నిలవ చేసే గది ఒకటి ఖాళీగా ఉందంటే, రెండు లుంగీలు, ఒక స్వెట్టరు, తెల్లకాగితాల దస్తాతో అక్కడ దిగాను.

మొదటి రోజు సాయంత్రమే నా తిండి సంగతి బయటపడింది. వెలుగుండగానే వాళ్ల భోజనం. అడ్డాకు మీద సామల అన్నం, పక్కన పప్పు. అందరి ఆకుల్లోనూ పడేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ తర్వాత నేను మూడు నిమిషాల్లో ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచాను. మిగతావాళ్లు అప్పటికి నాలుగో ముద్దలో ఉన్నారు.

"ఏటి బాబూ, అలగ మింగేత్తన్నావు? బస్సెల్లిపోతందేటి?" అంది పెద్దావిడ.

"అలవాటమ్మా."

"పోనీ, మా కోడి గానీ లాక్కుంటాదనా?"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మళ్లీ కూర్చున్నాను. పెద్దావిడ నా ఆకులో ఇంకో గరిటెడు వేసింది. "ఇందాకటిది నీ పొట్టకి. ఇది నీ నోటికి" అంది.

సామల అన్నం గురించి ఒక మాట చెప్పాలి. గింజ చిన్నది. వేడిగా ఉన్నప్పుడు గబగబా మింగితే గొంతులో అడ్డం తిరుగుతుంది. నమిలితే కాసేపటికి చిన్న తీపి వస్తుంది. ఆ తీపి కోసం ఆగడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. రెండో రోజు, బస్సులో నాతో వచ్చిన పాత పేపరు ఒకటి పక్కన పెట్టుకుని తింటుంటే, ఆమె దాన్ని తీసి చూరులో దోపేసింది. "కూడు సల్లారిపోతంది బాబూ. ఆ కాయితం సల్లారదు గదా" అంది. నా జీవితంలో పేపరు గురించి విన్న విమర్శల్లో అంత న్యాయమైనది మరొకటి లేదు.

పొద్దున చోడంబలి. చోడి, అంటే రాగి పిండి ముందురోజే నానేసి, కాస్త నూక వేసి కాచి, చల్లారాక ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి పెట్టేవారు. పులుపు నాలుకకు తగిలీ తగలనట్టుండేది. ఉప్పు తప్ప నాకు ఇంకేమీ ఇచ్చేవారు కాదు. కడుపులో పుండు సంగతి విన్నాక పెద్దావిడ పచ్చిమిరపకాయలను నా కంటికి కనిపించనివ్వలేదు. గుమ్మం దగ్గర కూర్చుని ఆకుడొప్పలో అంబలి తాగేసరికి లోయలో మంచు కొంచెం కొంచెంగా విడేది. కింద రైలు మలుపు తిరిగే చప్పుడు వినిపించేది, రైలు కనిపించేది కాదు. తర్వాత గదిలోకి వెళ్లి కూర్చుంటే ఎండ నెత్తి మీదకు వచ్చేదాకా ఆకలి వేయదు, టీ గుర్తుకు రాదు, ఎవరూ పిలవరు.

ఆఫీసులో గంటకు మూడు వార్తలు రాసేవాణ్ణి. అక్కడ పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి రెండు పేజీలు. కానీ ఆ రెండు పేజీలను మర్నాడు కొట్టేయవలసి వచ్చేది కాదు. పాత నోటుబుక్కుల్లో "గిరిజన మహిళలు" అని ఉన్నచోట ఇప్పుడు ఒక మనిషి నడిచి వస్తోంది, ఆమె నెత్తి మీద కట్టెల మోపు ఏ వైపు ఒరిగిందో నాకు కనిపిస్తోంది. కడుపు నొప్పి మూడో వారానికి తగ్గింది. ముప్పయ్యో రోజుకు చివరి అధ్యాయం తప్ప పుస్తకమంతా అయింది.

ఆ చివరి అధ్యాయం కందుల గురించి. ఊరి చుట్టూ వాలు పొలాల్లో కంది కాపు మీద ఉంది. అయినా ఆ ఇంట్లో నిరుటి పప్పే ఉడుకుతోంది. వచ్చిన కొత్తలో ఎందుకలా అని అడిగాను.

"కొత్త సెయ్యకుండా ఎలగ తింటాం?" అంది పెద్దావిడ, నేనేదో స్నానం చేయకుండా గుళ్లోకి పోదామన్నట్టు.

పంట ఏదైనా సరే, కంది గానీ చిక్కుడు గానీ మామిడికాయ గానీ, ఊరంతా కలిసి దేవతకు పెట్టి 'కొత్త' పండగ చేసిన తర్వాతే నోట పెట్టాలి. రోజు నిర్ణయించేది దిసారి. ముహూర్తాలు చూసి పండగలకూ విత్తనాలకూ రోజు చెప్పే పెద్దాయనను అక్కడ అలా పిలుస్తారు. గుమ్మం ముందు కాయలు వేలాడుతున్నా పిల్లలు సైతం కోయరు. ఆ ఓపిక నన్ను కట్టిపడేసింది. నా పుస్తకానికి అంతకన్నా మంచి ముగింపు లేదనుకున్నాను.

ముప్పై ఒకటో రోజు పొద్దున ఆ అధ్యాయం మొదలుపెట్టాను. మాటలు వాటంతటవే వస్తున్నాయి. అంబలికి పిలిస్తే "తర్వాత తాగుతానమ్మా" అన్నాను. మధ్యాహ్నం దాకా లేవలేదు. నాలుగు పేజీలయ్యాయి. పాత హుషారు వచ్చేసింది, ఎడిషన్‌కు ముందు వచ్చే హుషారు. తర్వాతి వాక్యం ఆలోచించుకుంటూ బయటికి వచ్చి, ఇంటి వెనక పొలం గట్టు మీద తిరిగాను. వాక్యం కుదిరింది. కుదిరిన చోటే కూర్చున్నాను.

"బాబూ!" అన్న కేకకు తలెత్తాను. ఆ రోజు కాఫీ కోతకు వెళ్లని కోడలు కట్టెల మోపుతో నిలబడి ఉంది. ఆమె నా మొహం చూడటం లేదు. ఆమె చూస్తున్న వైపు చూశాను. నా కాళ్ల మధ్య కందికాయల తొక్కలు ఒక చిన్న కుప్ప. నా ఎడమ చేతిలో ఇంకా నాలుగు కాయలున్నాయి. నోట్లో గింజలున్నాయి. ఎప్పుడు కోశానో, ఎప్పుడు ఒలిచానో, ఎన్ని తిన్నానో నాకు తెలియదు.

ఎవరికీ చెప్పొద్దని ఆమెను అడగాలనిపించింది. ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆ క్షణం దాటాక లేచి ఇంటికి వెళ్లి, పెద్దావిడకు నేనే చెప్పాను.

ఆమె తిట్టలేదు. అరుగు మీద చతికిలబడింది. "మా పొయ్యి మీద తింటన్నావు గదా, నువ్వు మా ఇంటోడివే. నువ్వు తింటే మేం తిన్నట్టే" అంది. తర్వాత దిసారికి కబురు పంపింది.

ఆయన సాయంత్రం వచ్చారు. బక్కపలుచని మనిషి, భుజాన పాత కోటు. ఊళ్లో పెద్దలు మరో నలుగురు కూడా వచ్చి కూర్చున్నారు.

"ఎన్ని కాయలు తిన్నావు?" అని అడిగారు దిసారి.

"లెక్కపెట్టలేదండీ."

"పేపరోడివి. బస్సు బోల్తా పడితే ఎందరు సచ్చారో లెక్కెడతావు గదా. నీ నోట్లోకి ఎల్లినవి నీకు తెల్దా?"

వాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. డాక్టరు అడిగిందీ ఇదే.

కొత్త పండగకు ఎనిమిది రోజులుంది. అప్పటిదాకా నేను ఆ పొయ్యి మీద వండింది తినకూడదు, నేను వండింది ఆ ఇంటివాళ్లు ముట్టకూడదు, దేవతకు ఒక కోడిని ఇవ్వాలి. ఆయన చెప్పింది ఇంతే. "ఊరొగ్గి ఎల్లిపోవక్కర్నేదు. ఉంటే ఉండు" అన్నారు లేస్తూ.

కోడిని నేను సంతలో కొని తెస్తానన్నాను. పెద్దావిడ ఒప్పుకోలేదు. "తప్పు మా పొయ్యిది. కోడీ మా ఇంటిదే అవ్వాల" అని, గుడ్లు పెడుతున్న నల్లకోడిని పట్టి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు దాని వీపు మీద ఒకసారి నిమిరింది. పత్రికలో పనిచేస్తూ త్యాగం అనే మాట ఎన్నిసార్లు శీర్షికల్లో పెట్టానో! ఆ చెయ్యి చూశాక ఆ మాట వాడాలంటే వెనకాడుతున్నాను.

నాకు మిగిలింది తొమ్మిది రోజులు. కొండ దిగిపోతే చివరి అధ్యాయం ఎప్పటికీ పూర్తి కాదు. ఉంటే నేనే వండుకోవాలి, నాకు వంట రాదు. గంజి కాచుకోవడం కూడా రాదు. ఉండిపోయాను.

మర్నాడు కోడలు నా గది ముందు పొయ్యికి మూడు రాళ్లు చూపించి వెళ్లింది. కుండ పక్కింటివాళ్లు ఇచ్చారు. పెద్దావిడ తన అరుగు మీంచి కదలకుండా నాకు అంబలి నేర్పింది.

"పిండంతా ఒకేపాలి పోసీకు! సూడు, ఉండలు కట్టీసింది. కలుపు. ఆపకు. ఏటలగ కొండలకేసి సూత్తన్నావు? కుండలోకి సూడు బాబూ!"

"చూస్తున్నానమ్మా."

"నువ్వు సూత్తన్నావు, నీ బుర్ర ఎక్కడో ఉంది. మాడు వాసనొత్తంది."

నిజంగానే మాడింది. ఆ మాడు అంబలే తాగాను. ఎదురుగా అరుగు మీద ఆమె తన డొప్పతో కూర్చుని, నేను తాగుతున్నంతసేపూ తనూ తాగింది. మధ్యలో పది అడుగుల దూరం. ఆ ఎనిమిది రోజులూ అలాగే చేసింది, ఒక్క పూట కూడా నన్ను ఒంటరిగా తిననివ్వలేదు.

కట్టెలు తెచ్చుకోవడం, నీళ్లు మోసుకోవడం, కలపడం, కుండ తోమడం. సగం రోజు వీటికే పోయేది. రాతకు మిగిలేది ఎండ వాలిన తర్వాత గంటన్నర. మొదటి రోజు ఒక్క వాక్యం రాలేదు. రెండో రోజు, ముందు రాసిన నాలుగు పేజీలు చదివి చూశాను. బాగున్నాయి. పండగ సంచికలో అచ్చేస్తే ఉత్తరాలు వచ్చేంత బాగున్నాయి. కానీ ఓపిక గురించి అవి రాస్తున్నవాడు అప్పటికి ఏమీ తినకుండా, తిన్నా తెలుసుకోకుండా ఉన్నవాడు. వాటిని పొయ్యిలో పెట్టాను. ఆ పూట అంబలి మాడలేదు.

మూడో రోజు నుంచి జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాను. నేను తిన్న కాయలు, కోడలి చూపు, దిసారి ప్రశ్న, నల్లకోడి. రోజుకు అరపేజీ. కలుపుతున్నప్పుడు కుండలోకే చూడాలి కాబట్టి, రాయబోయే మాటలు అప్పుడు ఆలోచించేవాణ్ణి కాదు. కాగితం ముందు కూర్చున్నాకే వాటి సంగతి. అవి అప్పటికి సిద్ధంగా ఉండేవి. ఎలాగో నాకు తెలియదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ విచారించలేదు.

కొత్త రోజున ఊరంతా దేవత రాళ్ల దగ్గర చేరింది. దిసారి కొత్త కందులు ఉడికించిన కుండను ముందు దేవతకు పెట్టారు, తర్వాత పెద్దలకు, పిల్లలకు. నాకు పెడుతూ "ఇప్పుడు లెక్కెట్టుకో" అన్నారు. పెట్టుకున్నాను. నా ఆకులో ముప్పై ఆరు గింజలు పడ్డాయి. వాటిని తినడానికి చాలాసేపు పట్టింది. ఉప్పు తప్ప ఏమీ వేయని ఆ గింజల రుచి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. పచ్చిగా తిన్నవాటి రుచి మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు.

మర్నాడు బస్సు. ఆ సాయంత్రం మళ్లీ వాళ్ల పొయ్యి మీద వండిన భోజనం చేశాక, చివరి అధ్యాయం కాగితాలు కోడలి చేతికిచ్చి చదవమన్నాను. వాళ్ల గురించి రాసింది వాళ్లు వినకుండా అచ్చుకు పంపడం నాకు ఇష్టం లేకపోయింది. ఏ ఒక్కరు కాదన్నా ఆ అధ్యాయం ఉండదు, అది లేకుండా పుస్తకం లేదు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. కొడుకు గోడకు ఆనుకుని విన్నాడు. నల్లకోడి దగ్గర కోడలు ఆగి అత్త వైపు చూసింది.

"సదువు, సదువు. ఆగిపోనావేటి?" అంది పెద్దావిడ.

అయిపోయింది. నేను పెద్దావిడ మొహం చూస్తూ కూర్చున్నాను.

"లేత కందికాయలు తిన్నావనీసి రాసినావు. లేతవి కావు. గింజ కట్టినాయి. లేతవైతే నమల్డానికేటుంటాది?"

"తొక్కలు నేనూ సూసినాను. గట్టివే" అంది కోడలు.

"మిగతాదంతా సరేనా అమ్మా?"

"జరిగిందే గదా. అది మారిస్తే సాలు."

జేబులోంచి పెన్ను తీశాను. 'లేత' కొట్టేసి, పైన 'గింజ కట్టిన' అని రాసి, కోడలికి చూపించాను. ఆమె చదివి, అత్త వైపు చూసి తలూపింది. ఆ పుస్తకంలో నేను ఆఖరున దిద్దిన మాట అదే.