నాలుగు నాలుకల పెన్ను

జేబులో పెన్ను లేని మనిషిని ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఉద్యోగస్థుడంటే నమ్మేవారు కాదు. ఇప్పుడు బ్యాంకులో ఫారం నింపేటప్పుడు తప్ప పెన్ను గుర్తుకే రాదు. అప్పుడు కూడా పక్కవాడిని అడిగితే, వాడు మన ముఖం వంక ఒకసారి, తన పెన్ను వంక ఒకసారి చూసి, ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తాడు. నేను చెప్పే కాలంలో అల్లాదుర్గ్ నుంచి మెదక్ వచ్చే బస్సులో ఎవరైనా జేబుకు పెన్ను తగిలించుకుని ఎక్కితే, వాడు ఏం పని చేస్తాడో తెలియకపోయినా జనం జరిగి జాగా ఇచ్చేవారు. మా బాపు మూడెకరాల రైతు, సంతకం వరకే చదువు. ఆయన దృష్టిలో నౌకరీ అంటే కుర్చీ కాదు, జీతం కాదు, జేబులో పెన్ను. అందులోనూ పచ్చ ఇంకు పెన్ను. (ఈ తరం వారి కోసం ఒక మాట: పచ్చ ఇంకుతో సంతకం పెట్టే మర్యాద గెజిటెడ్ అధికారులది. మిగతావాళ్లం నీలంతోనో నలుపుతోనో సరిపెట్టుకోవాలి. ఇది ఎక్కడ రాసి ఉందో నాకు ఈనాటికీ తెలియదు, కానీ దేవుడి గుడిలోకి చెప్పులతో వెళ్లకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు, ఆఫీసుల్లో అందరికీ తెలుసు.) నా నౌకరీ దరఖాస్తుకు సర్టిఫికెట్ల నకళ్ల మీద ఆ పచ్చ సంతకం కోసం బాపు, నేను రెండు రోజులు ఒక ఆఫీసరు గుమ్మం ముందు నిలబడ్డాం. దొరికాక బాపు బస్సులో దారి పొడవునా ఆ కాగితాన్ని మడవకుండా ఒళ్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. "ఎప్పటికన్న నువ్వు గూడ గిట్ల పెట్టాలె బిడ్డా" అన్నాడు.

నౌకరీ అయితే వచ్చింది. మెదక్‌లో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. (ఏ ఆఫీసని అడక్కండి, అందులో ఇంకా నా స్నేహితులున్నారు.) చేరే రోజు బాపు నాకొక ఇంకు పెన్ను కొనిచ్చాడు. బంగారు రంగు మూత, నల్లటి ఒళ్లు, చూడముచ్చటగా ఉండేది. అప్పటి మా రోడ్డు సంగతి దానికి తెలియదు పాపం. గుంత వచ్చినప్పుడల్లా అది ఒక చుక్క వదిలింది. మెదక్‌లో దిగేసరికి కొత్త తెల్లచొక్కా జేబు కింద అరచేయంత నీలం మరక. రిజిస్టరు ముందు కూర్చున్న సూపరింటెండెంటు సారు నా చేరిక కాగితం కంటే ముందు ఆ మరకను చూసి, "ఏమయ్యా, గుండెకాడ నీలమైంది? దవాఖానకు పోయి సూపెట్టుకోరాదు?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఈ సారును అందరూ చాటుగా 'పది నలభై సారు' అనేవారు. పదిన్నర ఆఫీసుకు పది నిమిషాలు దయ చూపించి, సరిగ్గా పది నలభైకి హాజరు రిజిస్టరు మూసి ఆఫీసరు గదిలోకి పంపేసేవారు. ఆ తరువాత తన కన్నతండ్రి వచ్చినా సంతకం పెట్టనివ్వరని ప్రతీతి.

ఆ మరకతో నాకు పట్టుదల వచ్చింది. జేబులో రోజూ పెట్టుకోదగిన, నమ్మకమైన పెన్నును వెతికి పట్టుకోవాలి. కారకూడదు, ఆగకూడదు, ఆఫీసరు ముందు పరువు తీయకూడదు. (పెళ్లి సంబంధానికి కూడా నేను ఇన్ని షరతులు పెట్టలేదు. పెడితే మా ఆవిడ ఒప్పుకునేదీ కాదు.) జెల్ పెన్ను కొన్నాను. రాత ముత్యాల్లా వచ్చేది కానీ ఎండాకాలం చేతి చెమట తగిలితే ముత్యాలన్నీ కలిసి చెరువయ్యేవి. మామూలు బాల్ పెన్ను కొన్నాను. చలికాలం పొద్దున అది లేవదు, రెండు అరచేతుల మధ్య పెట్టి మజ్జిగ చిలికినట్టు చిలకాలి, అప్పుడు మాట వినేది. అది మాట వినే వేళకు ఎవరో ఒకరు వచ్చి "జర పెన్ను ఇయ్యి తమ్మీ, ఇప్పుడే ఇస్త" అనేవారు. ఆ 'ఇప్పుడే' ఎప్పుడూ వచ్చేది కాదు. మా టైపిస్టు అక్క నాకొక ఉపాయం చెప్పింది: "మూత నువ్వే పట్టుకో, ఒట్టి పెన్ను ఇయ్యి. మూత లేని పెన్ను జేబుల పెట్టుకోనికి రాదు గద, యాదికొచ్చి మల్ల తెచ్చిస్తరు." నెల తిరిగేసరికి నా సొరుగులో పదకొండు మూతలు చేరాయి, పెన్నులు మాత్రం లేవు.

చివరికి బజారులో పెన్నుల చాచా దుకాణానికి వెళ్లాను. గోడకు ఆనుకుని ఉన్న చిన్న అర, అద్దాల పెట్టె, అందులో వరసగా పెన్నులు, వెనక తెల్ల గడ్డంతో చాచా. ఆయన పెన్ను అమ్మడు, అప్పగిస్తాడు. నేను అలవాటు ప్రకారం కాగితం మీద నా పేరు రాసి చూడబోతే చేయి పట్టుకున్నాడు. "పేరు రాయకు బేటా. సచ్చిన పెన్ను గూడ పేరు రాస్తది. కాయితం గోడకు ఆనిచ్చి రాయి. టేబులు మీద అన్ని నడుస్తయ్, గోడ మీద నడిచిందే పెన్ను." గోడ మీద సగం పెన్నులు ఓడిపోయాయి. అప్పుడు నా కన్ను అద్దాల పెట్టె మూలన ఉన్న లావుపాటి పెన్ను మీద పడింది. నీలం, నలుపు, ఎరుపు, పచ్చ, నాలుగు మీటలు. ఏది నొక్కితే ఆ రంగు. గోడ మీద రాశాను, నడిచింది. మూతే లేదు, పోతుందనే బాధ లేదు. ఇక నన్ను ఆపేదెవరు?

చాచా ఆపాడు. "రెండు నాల్కలున్న మనిషినే నమ్మం. గిది నాలుగు నాల్కల పెన్ను. ఏది ఎప్పుడు మాట్లాడ్తదో నీకు తెల్వది. జేబుల పెట్టేదానికి ఒక్కటే జబాన్ ఉండాలె. నా మాటిను." నేను వింటేగా! ఇరవై మూడేళ్ల వాడికి నాలుగు రంగులు కనబడ్డాక నీతులు వినబడతాయా? చాచా నిట్టూర్చి పెన్ను తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇంకు మాత్రం పక్కా బేటా. కాయితం ముసల్ది గావాలె గని రాత పోదు. గది నా గ్యారంటీ" అన్నాడు.

నా దశ తిరిగిపోయింది. వారం రోజుల్లో ఆఫీసు మొత్తానికి నేను పెన్నుల దాతనయ్యాను. ఎవరి పెన్ను ఆగినా "తమ్ముని నాలుగు రంగులది తే" అనేవారు. పొద్దున రిజిస్టరు దగ్గర అయితే నేను సంతకం పెట్టి పెన్ను అక్కడే వదిలేవాడిని, నా తరువాతి వాళ్లంతా దానితోనే కానిచ్చేవారు. చివరికి అటెండరు మామ దాన్ని తెచ్చి నా చొక్కా జేబుకు తానే తగిలించి, జేబును రెండుసార్లు తట్టి వెళ్లేవాడు. పది నలభై సారు కూడా నన్ను పిలిచి, "నీ ప్రొబేషన్ కాయితం ఈ నెల పైకి పోతది. గీ నాలుగు దినాలు ఒక్క మచ్చ గూడ ఉండొద్దు, సమజైందా?" అన్నారు. ఆ కాగితం మీద ఆఫీసరు సారు సంతకం పడితే నౌకరీ ఖాయం. పడకపోతే మళ్లీ మూడెకరాలు, నేను, బాపు.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. సోమవారం పొద్దున బస్సు హారను వినబడుతుండగా బాపు పెన్ను చూపించమన్నాడు. చూపించాను. "గిండ్ల పచ్చ గూడ ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. అంత పెద్ద మనిషి చిన్న పిల్లాడిలా అటూ ఇటూ చూసి, గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, "నా ముంగట ఒక్కపారి పెట్టు బిడ్డా" అన్నాడు. పెట్టాను. బాపు చూస్తున్నాడు, బస్సు హారను కొడుతోంది. పెన్ను జేబులో పడేసి ఉరికాను. మీట వెనక్కి నెట్టలేదు. (జేబు అడుగున కంది గింజంత పచ్చ చుక్క పడింది. దాన్ని చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

ఆఫీసు మెట్లెక్కేసరికి పది ముప్పై ఎనిమిది. సోమవారం కదా, నా ఒక్కడికే కాదు, అందరికీ ఆలస్యమే. పైగా ఆఫీసరు సారు ఆ రోజు హాజరు తనిఖీ చేస్తారని మాట. పది నలభై సారు కిటికీ దగ్గర నిలబడి ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గేటు మీద పెట్టి, "జీపు వస్తున్నది! ఉరుకుండ్రి, సంతకాలు పెట్టుండ్రి!" అని కేకలు. నేను రొప్పుతూ పెట్టాను. నా చేతిలోంచి పెన్ను అక్క లాక్కుంది, అక్క చేతిలోంచి ఇంకొకరు, వారి నుంచి మరొకరు, నా వెనక ఎనిమిది మంది. గడియారం చూసినవాళ్లే కానీ కాగితం చూసినవాళ్లు లేరు. చిట్టచివర అటెండరు మామ తన పేరును అలవాటు ప్రకారం రెండు గళ్లు నిండేటట్టు రాసి, రిజిస్టరు మూసి, ఆఫీసరు గదిలోకి పట్టుకెళ్లి, తిరిగొచ్చి నా జేబుకు పెన్ను తగిలించి రెండుసార్లు తట్టాడు. అప్పుడు అక్క నా జేబు వంక చూసి నెమ్మదిగా అంది: "తమ్మీ, నీ పెన్ను పచ్చ మీదున్నదేందిరా?"

వంగి జేబు వంక చూసుకున్నాను. గంట మోగింది. అందరినీ రమ్మన్నారు.

ఆఫీసరు సారు రిజిస్టరు తెరిచి ముందర పెట్టుకుని కూర్చున్నారు. తొమ్మిది సంతకాలు, తొమ్మిదీ వరినారులా పచ్చగా ఉన్నాయి. "గీ ఆఫీసుల గెజిటెడ్ ఆఫీసర్‌ను నేనొక్కన్నే అనుకున్న. ఇంక తొమ్మిది మంది ఉన్నరని నాకెవ్వలు జెప్పలే" అన్నారు. ఆయన వేలు కిందికి దిగి రెండు గళ్ల సంతకం దగ్గర ఆగింది. "ఏమయ్యా, నువ్వెప్పుడైనవ్ గెజిటెడ్?" అటెండరు మామ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "ఇప్పుడే సార్, పది నలభైకి" అన్నాడు. ఎవరో దగ్గారు, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పది నలభై సారు మాత్రం, "పెన్ను ఎవలిది? ఎవలిదో చెప్పుండ్రి!" అని అరిచారు. ఎనిమిది జతల కళ్లు నా జేబు మీదికి తిరిగాయి. నేను పెన్ను తీసి బల్ల మీద, చోరీ సొత్తు అప్పగించినట్టు పెట్టాను.

"రాతపూర్వకంగ సంజాయిషీ ఇయ్యి. ఇక్కడనే కూసొని రాయి. నిజం రాయి" అన్నారు ఆఫీసరు సారు. అక్క దగ్గర ఒక నీలం పెన్ను అడుక్కుని కూర్చున్నాను. 'విన్నవించుకొనునది ఏమనగా' వరకు బాగానే సాగింది. తరువాత ఏమనాలో తెలియలేదు. ఇక ప్రొబేషన్ పోయిందన్న భయంలో ఉన్నదున్నట్టు రాసేశాను: 'మా తండ్రిగారు నేను పచ్చ సంతకం పెట్టగా చూడవలెనని కోరినందున, పాత క్యాలెండరు మీద పెట్టి చూపించి, బస్సు వచ్చిన తొందరలో మీట మార్చుట మరచితిని. మిగతా ఎనిమిది మంది నిర్దోషులు.' సారు చదివారు. మళ్లీ చదివారు. మీసం చివర ఏదో కదిలింది. రిమార్కు రాయడానికి తన పెన్ను తీశారు. రాయలేదు. విదిలించారు, కాగితం మూల గీకారు, ఊహూ. అప్పుడు చేయి చాచి బల్ల మీది నా పెన్ను అందుకుని, పచ్చ మీటే ఉందని చూసుకుని, రాశారు: 'తండ్రి కోరిక తీర్చుట తప్పు కాదు. రిజిస్టరులో తీర్చుట తప్పు. హెచ్చరించి వదిలివేయడమైనది.' రాసి పెన్నును వెలుతురులో తిప్పి చూశారు. "మంచిగ నడుస్తున్నదయ్యా" అంటూ తన జేబుకు తగిలించుకున్నారు. అంతే. ప్రొబేషన్ మిగిలింది, పెన్ను పోయింది. పట్టుకుని కూర్చోవడానికి మూత కూడా లేదు.

తరువాతి ఆదివారం బాపుకు ఇదంతా కోపంగా చెప్పాను. నీ మూలంగా నౌకరీ ఊడేది అన్నాను. ఆయన మొదటి సగం విన్నాడో లేదో తెలియదు. "అంటే సర్కారు రిజిస్టర్ల పడ్డదా నీ పచ్చ సంతకం? కొట్టేయలేదు గద?" అని అడిగాడు. కొట్టేయలేదన్నాను. సాయంత్రానికి ఊరంతా తెలిసింది, అటెండరు మామ కూడా పచ్చగానే పెట్టిన సంగతి మాత్రం బాపు చెప్పలేదట.

మొన్న నాకు పదోన్నతి వచ్చింది, గెజిటెడ్ హోదా. నా పర్సనల్ ఫైలు తెప్పించి తిరగేస్తుంటే అడుగున ఆ సంజాయిషీ కనిపించింది. కాగితం పండుటాకులా పసుపెక్కింది. అక్క పెన్నుతో నేను రాసిన నీలం వెలిసి, అక్షరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కింద మూడు పచ్చ వాక్యాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. చాచా గ్యారంటీ అక్షరాలా నిలబడింది. చెబుదామని బజారుకు వెళితే చాచా లేడు, ఆ అరలో ఆయన కొడుకు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. వెతికి వెతికి ఒక పచ్చ పెన్ను తీసిచ్చాడు, ఒక్కటే నాలుక ఉన్నది. గోడకు ఆనించి రాసి చూస్తుంటే నన్ను వింతగా చూశాడు.

తీరా చూస్తే దానికి పనే లేదు. ఫైళ్లన్నీ కంప్యూటరులోకి వెళ్లిపోయాయి, నకళ్ల మీద ఎవరి సంతకం వాళ్లే పెట్టుకోవచ్చు. పచ్చ సంతకం కోసం గుమ్మం ముందు నిలబడేవాడు ఒక్కడూ రాలేదు. వారం తిరిగాక ఒక్కడు వచ్చాడు. అల్లాదుర్గ్ బస్సు దిగి, చేతికర్రతో, తన ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకుని. "ఇప్పుడు గివి అక్కర లేదు బాపు, నువ్వే పెట్టుకోవచ్చు" అన్నాను. "నాకు తెల్వదా? అయినా పెట్టు" అన్నాడు. నా కుర్చీకి ఎదురుగా కూర్చుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. పెన్ను తీశాను. యాభై దాటిన మనిషిని, గెజిటెడ్ అధికారిని, అయినా సంతకానికి ముందు ఎప్పటిలాగే అరచేతిలో ఒక చిన్న గీత గీసి రంగు చూసుకున్నాను. పచ్చగానే ఉంది. బాపు కూడా వంగి నా అరచేతిలోకి చూసి, ఇక పెట్టమని తల ఊపాడు.