తువ్వాల కింద వైవా

మా మామ, అంటే మా ఆయన నాన్న, పశువుల సంతలో దళారీ. కదిరి చుట్టుపక్కల ఎద్దుల జత చేతులు మారిందంటే, ఆ చేతుల మధ్య చాలాసార్లు ఆయన చెయ్యి కూడా ఉండేది. సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ ఒక తువ్వాల కిందికి పోతాయి. వేళ్ళు పట్టుకుని నొక్కుకుంటారు, ఎన్ని వేళ్ళన్నదే ధర. చుట్టూ ఉన్నవాళ్ళకు ముఖాలే కనిపిస్తాయి. ఆ ముఖాలేమో వాన ఎప్పుడొస్తుందా అని ఆకాశం చూస్తున్నట్టుంటాయి. ట్రాక్టర్లు వచ్చాక మామకు పని తగ్గింది గానీ, భుజం మీది తువ్వాల మాత్రం దిగలేదు.

నేను చేసింది ప్రత్యేక విద్యలో పీహెచ్‌డీ. మాటలు రాని పిల్లలు తమకు కావలసింది ఎలా అడగాలన్నది నా పరిశోధన. నీళ్ళ బొమ్మ, అన్నం బొమ్మ, చెప్పుల బొమ్మ అచ్చు వేసిన కార్డులు సంచిలో పెట్టుకుని నల్లమాడ వైపు ఊళ్ళన్నీ తిరిగాను. పిల్లవాడు బొమ్మ చూపిస్తే ఇంట్లోవాళ్ళు ఆ వస్తువు ఇవ్వాలి. అదీ పద్ధతి. ఈ తిరుగుళ్ళ మధ్యలోనే పెళ్ళయింది, పాప పుట్టింది. పాపకు మూడేళ్ళు నిండవస్తున్నా ఒక్క మాటా రాలేదు.

చెవులు పరీక్ష చేయించాం, బాగానే వినిపిస్తోందన్నారు. చెప్పిందంతా అర్థమవుతుంది. నోరు మాత్రం విప్పదు. మాటలు రాని పిల్లల మీద డాక్టరేటు తెచ్చుకోబోయే మనిషి ఇంట్లోనే ఇలాగా అని జనం నవ్వుతారేమోనన్నది నా చిన్న భయం. పెద్ద భయం, అది నన్ను ఎప్పటికైనా పిలుస్తుందా అని. చదువుకున్నందుకు ఆ భయం తగ్గాలి కదా. ఏ పుస్తకం తెరిచినా ప్రతి పేజీలోనూ మా పాపే కనిపించేది.

ఫ్రిజ్ తలుపు నిండా కార్డులు అంటించాను. పాప వాటి వంక చూసేది కాదు. ఒకరోజు తనంతట తానే వెళ్ళి నీళ్ళ బొమ్మ పీకింది. పరుగున నీళ్ళు తెచ్చాను. అది ఆ కార్డుతో గోడ మీది బల్లిని కొట్టి, నీళ్ళు నా చీర మీద పోసింది. అత్త రోజూ వస కొమ్ము అరగదీసి దాని నాలుకకు రాసేది. ఆమెకు నా అంత దిగులు లేదు. ఫోన్ చూసుకుంటున్న మా ఆయన్ని చూపించి, "వీడు గూడా నాలుగేండ్లకే మాట్లాడినాడు. ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతాండాడులే," అంది.

పగలంతా పాప మామ ఒళ్ళోనే ఉండేది. ఇద్దరూ చేతుల మీద తువ్వాల కప్పుకుని ఏదో ఆడుకునేవాళ్ళు. నా థీసిస్ టైపు పనికి అది వీలుగా ఉండేది కాబట్టి, ఏం ఆట అని నేను అడగలేదు.

వైవా అనంతపురంలో పెట్టారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చునని ఇంట్లో నోరు జారాను. ఇంకేముంది, తెల్ల పంచె కట్టుకుని, పాపను చంకనేసుకుని మామ నాకంటే ముందే బస్టాండులో ఉన్నాడు. దారి పొడుగునా వివరాలు అడిగి మొత్తం వ్యవహారాన్ని తనకు తెలిసిన లెక్కలోకి తెచ్చుకున్నాడు. గైడ్ మేడం అమ్మే మనిషి. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు కొనే మనిషి. మరి నేనెవరిని మామా అంటే కిటికీలోంచి బయటికి చూశాడు.

పరీక్షకుడు కర్ణాటక నుంచి వచ్చిన పెద్దాయన. నా స్లైడ్లన్నీ ఓపిగ్గా చూసి, కళ్ళద్దాలు తీసి, రెండే రెండు ప్రశ్నలు వేశారు. పల్లెటూరి ఇంట్లో ఈ కార్డులు ఎన్నాళ్ళుంటాయి, మేక తినేస్తే ఏం చేస్తావు అన్నారు. నువ్వు వెళ్ళక ముందు కూడా ఆ పిల్లలు ఏదో ఒక రకంగా అడుగుతూనే ఉంటారు కదా, అది ఎక్కడైనా కళ్ళారా చూశావా అన్నారు. నల్లమాడ దగ్గర ఒక మేక నిజంగానే అన్నం బొమ్మ తినేసింది. ఆ సంగతి నేను థీసిస్‌లో రాయలేదు.

మేడం వైపు చూస్తే ఆమె నీళ్ళ సీసా మూతను పరిశోధిస్తోంది. చివరి వరుస వైపు చూశాను. మామ ఒళ్ళో పాప. తువ్వాల కదిలింది. ఇద్దరూ పైన తిరిగే ఫ్యాను చూస్తున్నారు. మామ అడ్డంగా తలూపాడు. తువ్వాల మళ్ళీ కదిలింది. మామ నిట్టూర్చి, జేబులోంచి బిస్కెట్ తీసి ఇచ్చాడు.

"ఉంది సార్," అన్నాను. "చివరి వరుసలో ఉంది."

మాట రాని మా పాప సంగతీ, మామ సంత బేరం సంగతీ ఆయనకు చెప్పాను. ఆయన లేచి వెళ్ళి, మామ పక్కన కూర్చుని తువ్వాల కింద చెయ్యి పెట్టారు. పాప ఆయన వేళ్ళు రెండు పట్టుకుని నొక్కింది. అంటే ఏమిటని ఆయన మామను అడిగారు.

"రెండు బిస్కెట్లు అడుగుతాంది సార్. తొందరపడి ఒప్పుకోవద్దండి. ఒకటికి తగ్గియ్యొచ్చు."

ఆయన ఒక వేలు నొక్కినట్టున్నారు. పాప చెయ్యి లాక్కుని, బేరం వదిలేసి వెళ్ళిపోయే మనిషిలా తలుపు వైపు చూసింది. హాలంతా నవ్వింది. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ చేతికి అందిన కొనేవాణ్ణి మామ జీవితంలో ఎప్పుడూ వదల్లేదు. పెద్దాయన లేవబోతుంటే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తువ్వాల కాసేపు అటూ ఇటూ కదిలింది. తర్వాత మామ దాన్ని దులిపి భుజాన వేసుకుని నాతో చెప్పాడు.

"కుదిరిందమ్మా. రెండు నెలల్లో పట్టా ఇస్తాడంట."

పరీక్షకుడి చెయ్యి తువ్వాల కింద పట్టుకోవడం ఏ నిబంధన కింద తప్పో నాకు తెలియదు. మేడం ముఖం చూస్తే అన్ని నిబంధనల కిందా తప్పులాగే ఉంది.

"నేనేం ఒప్పుకున్నానప్పా?" అన్నారు పెద్దాయన.

"నేను ఒక నెల అడిగినా సార్. మీరు రెండు నొక్కినారు. సరే పోనీలే అనుకున్నా."

పెద్దాయన నవ్వి, తన మటుకు ఒప్పందమే గానీ, యూనివర్సిటీ ఆఫీసు చెయ్యి ఇంకా తువ్వాల కిందికి రాలేదు కదా అన్నారు. ఇళ్ళల్లో ఉన్న ఇలాంటి పద్ధతుల మీద నాలుగు పేజీలు చేర్చమని చెప్పి, డిగ్రీకి సిఫారసు చేశారు. పట్టా చేతికి రావడానికి ఏడాది దాటింది. ఆఫీసోళ్ళతో నోటిమాట పెట్టుకుంటే ఇంతే అని మామ ఇప్పటికీ అంటాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను కూడా తువ్వాల కింద చెయ్యి పెట్టాను. పాప నా బొటనవేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇదేం బిస్కెట్ అని మామను అడిగాను.

"బిస్కెట్ కాదమ్మా. బొట్నేలంటే నువ్వు. అమ్మ యాడ అని దినామూ అడుగుతాది."

మరి నువ్వేం చెప్తావు మామా అన్నాను.

"టైపు కొడతాండాదని చెప్తా."

"దానికి ఏ వేలు?"

"పదీ," అని మామ రెండు చేతులూ ఎత్తి గాల్లో ఆడించాడు. పాప వాటిని చూసి మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాటా వచ్చింది. ఒక సాయంత్రం లడ్డు సగం విరిచి చేతిలో పెడితే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "సాల్దు" అంది. అత్త అది వస మహిమ అంది, మామ సంత మహిమ అన్నాడు. డాక్టరునైన నేను వాదించకుండా రెండో సగం కూడా ఇచ్చేశాను. ఇప్పుడు అమ్మా అని కూడా అంటుంది, లడ్డు పని ఉన్నప్పుడు. పడుకునేటప్పుడు మాత్రం పాత భాషే. నా ఎడమ చేతి బొటనవేలు పట్టుకుంటే నిద్రలో కూడా వదలదు. అందుకని ఇదంతా ఒంటి చేత్తోనే టైపు చేస్తున్నాను.