ఇంగువ లేని చారు

కారంపూడి బస్టాండు పక్కన చక్రధర్ కిరాణా కొట్టు తెరిచే వేళకు ఇంకా మంచు విడిచేది కాదు. దేవుడి పటాల ముందు సాంబ్రాణి వేసి, ఆ నిప్పు కణికల మీదే సిగరెట్ అంటించుకునేవాడు. దేవుడికొకటి, తనకొకటి. రెండు పొగలూ కలిసి బియ్యం బస్తాల మీదుగా వీధిలోకి మెల్లగా వచ్చేవి. వాటి వెనక మనిషి కలలో కనబడ్డట్టు ఉండేవాడు.

"ఇది తాగితేనే మనసు కాస్త తేలికవుద్దే" అనేవాడు భార్య జ్యోతిర్మయితో. తేలికైన మనసు కాసేపటికే మళ్లీ బరువెక్కేది. మళ్లీ ఇంకొకటి వెలిగేది. ఏడాదిగా నవ్వు తగ్గింది, సిగరెట్ పెట్టెలు పెరిగాయి. వీధిలో మాకందరికీ పెట్టెలే కనబడ్డాయి.

కార్తీకంలో జ్యోతిర్మయి పట్టుబట్టి ఆయనకు అయ్యప్ప మాల వేయించింది. మాలలో ఉన్నవాళ్లు పొగ తాగకూడదు కదా. ఆవిడ ఎత్తు పారింది. సిగరెట్ ఆగిపోయింది.

ఇక మా వీధి మురిపెం చూడాలి! నల్లబట్టలు, మాసిన గడ్డం, కటిక నేల మీద పడక, ఒంటిపూట భోజనం, అడిగితే తప్ప మాట లేదు. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, భజనలో కర్పూరం వెలుగు చూస్తూ అలాగే కూర్చుండిపోయేవాడు. "స్వామిది చానా నిష్ఠమ్మా" అని మెచ్చుకోని వాళ్లు లేరు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి లోపల ఆరిపోతుంటే దానికి భక్తి అని పేరు పెట్టారు. దీక్ష నియమం కాబట్టి ఆయన భార్యను "మాతా" అనేవాడు, ఆవిడ "స్వామీ" అనేది.

శబరిమల వెళ్లొచ్చి మాల తీశాడు. గడ్డం తీయలేదు. మంచం ఎక్కలేదు. పెట్టింది తిని లేచేవాడు. "మాతా" అనడం మానేశాడు గానీ, "ఏమే" అని మాత్రం పిలవలేదు. జ్యోతిర్మయికి భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం, ఇన్నాళ్లూ చూస్తేనే మండిపడ్డ సిగరెట్ పెట్టెను కొట్లోంచి తానే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పోనీ ఒకటి తాగండి. ఏదో ఒకటి మాట్లాడండి."

చక్రధర్ దాన్ని వేలితో పక్కకు జరిపాడు. "అదీ వద్దు. ఏదీ వద్దనిపిస్తంది. తెల్లారకుండా ఉంటే బాగుండనిపిస్తంది."

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. కొట్టు మూసి, ఆయన్ను నరసరావుపేట బస్సెక్కించింది. అక్కడి మానసిక వైద్యురాలు అంతా విని, "ఇది దిగులు జబ్బమ్మా. సిగరెట్ మానినందుకు వచ్చింది కాదు, ముందునుంచీ ఉంది. పొగ దాన్ని కప్పింది, కాస్త పెంచింది కూడా. మళ్లీ మొదలెట్టనివ్వకండి. మందులు మాత్రం ఆపొద్దు" అంది.

తిరిగొచ్చే బస్సులో, కిటికీ అవతల కళ్లాల నిండా మిరపకాయలు సాయంత్రపు ఎండలో ఎర్రగా కదిలిపోతున్నాయి.

"ఎప్పటినుంచండీ ఇట్టా?" అని అడిగింది.

"తెలవదు. పొగలో నాకే కనపళ్లేదు" అన్నాడు.

ఎండలు ముదిరేదాకా పెద్ద మార్పేమీ లేదు. మాత్రలు మింగడం, కొట్లో కూర్చోవడం, అంతే. తర్వాత ఒకరోజు అన్నంలో చారు కలుపుకుంటూ చక్రధర్ చెయ్యి ఆపాడు.

"ఏమే, చారులో ఇంగువ వేయలేదేంది? కొట్లో డబ్బాలకు డబ్బాలున్నాయిగా!"

జ్యోతిర్మయి గరిటె కింద పెట్టి, చెంగుతో కళ్లు అద్దుకుంది.

"మాల తీసిన నాటినుంచీ వేయట్లేదండీ. ఎప్పుడడుగుతారా అని చూస్తన్నా."