పచ్చా నీలమూ ఒక్కటైన అంగడి

మొన్న సాయంత్రం మా వీధి చివరి పసుపు దీపాన్ని విప్పేసి, దాని జాగాలో తెల్లటి ఎల్‌ఈడీ బిగించిపోయారు. ఎదురింటి కోడలు గడపలో నిలబడి, "ఆ పసుపు వెలుగు ఎంత సక్కగుండె పెద్దమ్మా" అని నిట్టూర్చింది. నా ఈడువాళ్లలోనూ అలా నిట్టూర్చేవాళ్లు చాలామందే ఉన్నారని తెలుసు. నిట్టూర్చనీయండి, నేను మాత్రం నిట్టూర్చను. ఆ పసుపు సోడియం దీపంతో నాకు పాత పేచీ ఉంది.

పెళ్లయి, కర్ణాటక సరిహద్దు అవతలి ఊరి నుంచి జహీరాబాద్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్తమ్మ పక్కన సాయంత్రపు అంగడిలో గాజులు అమ్మడానికి కూర్చునేదాన్ని. అంగడి నడుమ అప్పుడొక మెర్క్యురీ దీపం ఉండేది. వేసిన వెంటనే వెలిగేది కాదు, మేము పెట్టెలు విప్పి గాజులు పరిచేసరికి మెల్లమెల్లగా తెల్లబడేది, నడుమ కరెంటు పోయి వస్తే చల్లారేదాకా మళ్లీ వెలగనని మొండికేసేది. దాని కింద మనుషుల ముఖాలు జ్వరం పడి లేచినట్టు పాలిపోయి కనబడేవి గానీ, ఆకుపచ్చ ఆకుపచ్చగానే, నీలం నీలంగానే ఉండేది. ఎలక్ట్రికల్ దుకాణంలో పనిచేసే మా మరిది, ఆ దీపమైనా, ఇళ్లలోని ట్యూబ్‌లైటైనా, లాడ్జి మీద ఎర్రగా మెరిసే నియాన్ అక్షరాలైనా, అన్నీ గాజులో మూసిన వాయువులోంచి కరెంటు పారితే వెలిగేవేననీ, లోపల ఏది నింపితే ఆ రంగు వస్తుందనీ చెప్పేవాడు. గాజుల బతుకు మాది కాబట్టి ఆ మాట నాకు భలే నచ్చింది.

అంగడి గుత్తకు తీసుకున్నాయన ఒకసారి ఆ మెర్క్యురీ దీపం తీయించి, కరెంటు తక్కువ తాగుతుందని సోడియం దీపం పెట్టించాడు. మొదటి సాయంత్రం అందరం మురిసిపోయాం, అంగడంతా బంగారు పూత పూసినట్టుందని. తీరా చూస్తే ఎర్ర గాజులు ఇటుక రంగుకు తిరిగాయి. పచ్చవీ నీలివీ రెండూ నల్లగా ఒక్కతీరుగా కనబడ్డాయి. ముంబై రోడ్డు మీద, చలికాలపు పొగమంచులో చిరాగ్‌పల్లి దిక్కు నుంచి వచ్చే లారీలకు ఆ దీపం దేవుడే కావచ్చు, కాదనను. రంగులు అమ్ముకునే ఆడవాళ్లకు మాత్రం శనిలా దాపురించింది.

మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒక తల్లి, బిడ్డ పెళ్లికని పచ్చగాజులు కొనుక్కొని పోయింది. మరునాడు ఇంకా పొద్దుండగానే పెళ్లికూతురి మేనమామ ఆ గాజులు తెచ్చి మా ముందు గుమ్మరించాడు. అన్నీ ముదురు నీలం. "పెండ్లిపిల్లకు పచ్చగాజులడిగితే గివి అంటగడ్తరా? మోసంజేసి బతుకుతున్రా?" అని నలుగురిలో అరిచాడు. అంతకాలం అంగట్లో కూర్చుని ఒక్క మాట పడని మా అత్తమ్మ, గాజులన్నీ ఒక్కొక్కటే ఏరుకుని, పచ్చవి పగటి వెలుతురులో చూపించి మరీ ఇచ్చి పంపింది.

పాత దీపమే పెట్టించమని ఆ సాయంత్రమే గుత్తదారును అడిగింది. "దీపం దీపమే గదా, గదైతేంది గిదైతేంది?" అని అతడు నవ్వాడు. అత్తమ్మ గాజుల పెట్టె నెత్తికెత్తుకుని, నేరుగా బస్టాండు ముందుకు నడిచి, అక్కడి మెర్క్యురీ దీపం కింద, రోడ్డు వారన చాప పరిచింది. వెనకాలే నేనూ, మా వెనకాల చీరల ముక్కలమ్మే ఆమె, పూలమ్మే అక్కాచెల్లెళ్లు, చూస్తుండగానే సగం అంగడి తరలివచ్చింది.

గుత్తదారు బెదిరించాడు, పోలీసాయన లాఠీ ఊపాడు. మా ఆయన పరుగున వచ్చి, "ఇజ్జత్ పోతున్నదే అమ్మా, ఇంటికి రాండ్రి" అని బతిమాలాడు.

"ఇజ్జత్ నిన్న ఆ దీపం కింద గాజులమ్మినప్పుడే పోయింది బిడ్డా. దాన్ని తెచ్చుకోనికే కూసున్న."

ఆయన నావైపు చూశాడు. ఆయన మాటకు అంతవరకు ఎదురు చెప్పినదాన్ని కాను. "మీరు పోండ్రి. నేను అత్తమ్మతోనే ఉంట" అన్నాను. ఆయన వెళ్లి, మా ఇద్దరికీ చాయ్ పట్టుకొచ్చాడు.

రోజులు గడిచాయి. కొనేవాళ్లంతా మా దగ్గరకే వస్తుంటే అంగడి బోసిపోయింది. చివరికి గుత్తదారే వచ్చి దీపాలు మారుస్తానన్నాడు. "ముందు వెలగనీ, అటెన్క వస్తం" అంది అత్తమ్మ. కొట్ల మీదుగా ట్యూబ్‌లైట్ల వరుస వెలిగిన రోజున గానీ మేము చాప చుట్టలేదు. ఆ తెల్లటి వెలుగులో కూర్చుని ఆమె తొలి బేరం మాట్లాడిన తీరు, పట్టాభిషేకం జరిగినట్టే ఉంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ దుకాణం చూసినా పట్టపగలే దిగివచ్చినట్టు వెలుగు. గాజులు ఫోన్‌లో చూసి తెప్పించుకుంటున్నారు, రంగు తేడా వస్తే ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వాపసు పంపుతున్నారు. మంచిదే. వెలుగు కోసం రోడ్డు మీద కూర్చున్నందుకు ఆనాడూ సిగ్గుపడలేదు, ఈనాడూ పడను. కానీ నా దోసిట్లో చెయ్యి పెట్టి, "జర పైలంగ ఎక్కియ్యి అక్కా" అనే ఆడపిల్లలే లేరు. వాళ్ల వేళ్లను మెత్తగా ఒత్తి గాజు ఎక్కించే నేర్పు నా చేతుల్లో ఇంకా అలాగే ఉంది.